ఖాళీ జాగా

షెఫీల్డ్‌లో ఫిబ్రవరి. దంతాల ఆసుపత్రి, మూడో అంతస్తు.
పెద్దగా తెరవండి, అంటుంది డాక్టర్ హెబ్డెన్.
మూడు వేళ్ళు నిలువునా పట్టాల్సిన నోట్లో
రెండే పడుతున్నాయి. రాసుకుంది.
ఎడమ బుగ్గ లోపల కందిబద్దంత తెలుపు,
గీకితే రాదు. పెరుగన్నం మెతుకు కాదది.

మా పైడితల్లి పెదమ్మ
నిప్పున్న కొస నోట్లో పెట్టి అడ్డపొగ తాగేది,
జీడితోటలో పిక్కలేరుతూ,
చుట్ట తీయకుండానే మమ్మల్ని తిడుతూ.
ఎనభై తొమ్మిదేళ్ళు బతికింది. అంగిలి కమిలింది, అంతే.

నేను ట్రామ్ నడుపుతాను.
రాత్రి డ్యూటీల్లో నిద్ర ఆపుకోడానికి
నాలుగేళ్ళు వక్కపొడి పొట్లాలు. నాలుగే.

లెక్క కుదరలేదన్నాను. ఆవిడ కాగితం ఇటు తిప్పింది.
విషాన్ని కడిగే జన్యువొకటి
కొందరికుంటుంది, కొందరికుండదు.
తప్పు రాయడం కాదు, అసలు రాయనే లేదు.
మీలో ఆ జాగా ఖాళీ.
అదొక్కటే కారణమని మాత్రం చెప్పలేను,
అని కూడా అంది, కాస్త అలసటగా.

లేనిదాన్ని ఎవరిచ్చారని అడగను?
అమ్మ సగం, నాన్న సగం,
ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఇవ్వకుండా ఇచ్చారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదనేది పెదమ్మ,
ఊరందరితో తగువాడి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ.

చిన్న ముక్క కోసి సీసాలో వేశారు. రెండు వారాలట.
ఇంటికొచ్చి జేబులు దులిపితే
కోటు అస్తరులో ఒక పొట్లం.
చెత్తబుట్ట దాకా వెళ్ళి
వాసన చూశాను.
వెనక మా హరిణి, బ్రష్షు చేత్తో, నురగ నోటితో,
"నాలో కూడా ఖాళీయేనా?"

నా వాటా ఖాళీయేనమ్మా.
మీ అమ్మ వాటా తెలీదు.