మూడు మెట్లు

వ్యాయామం గదిలో ఓ మూల
మూడు చెక్క మెట్లున్నాయి.
ఎక్కితే గోడ.
గోడకి ముక్కు ఆనించి మళ్ళీ దిగడమే.
మా ఇంటికి రెండొందల పన్నెండు.
లెక్క తప్పదు, చిల్లర ఎంచిన చేతులివి.

లీమా కొండల మీద వాన రాదు,
పొగమంచే పిండని బట్టలా వేలాడుతుంది.
అలాంటి ఓ పొద్దున, తలుపు చెక్క మీద పడుకోబెట్టి
ఆ మెట్లన్నీ నన్ను దించారు నలుగురు.
నలుగురే ఎందుకయ్యా, ఇంకా బతికే ఉన్నాగా, అన్నాను.
ఒక్కడూ నవ్వలేదు.

పదకొండేళ్ళు మినీబస్సు తలుపుకి వేలాడి
స్టాపుల పేర్లు అరిచినదాన్ని.
నడుం నొప్పి కుదుపులదే అనుకున్నా.
డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకి ఎత్తి చూపించేసరికి
తొమ్మిదో పూసా పదో పూసా
టీలో నానిన బిస్కెట్లలా
ఒకదాంట్లోకి ఒకటి కుంగి ఉన్నాయి.
క్షయ అంటే దగ్గే అనుకున్నాను, నేనెప్పుడూ దగ్గలేదు.
కాళ్ళు అప్పటికే ఎవరివో.

చీము తీశారు, కడ్డీలు బిగించారు.
మాత్రలకి ఉచ్చ నారింజ రంగు.
"కాళ్ళు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి" అన్నాడు విల్దెర్,
అబాంకాయ్ నుంచి వచ్చిన ఫిజియో కుర్రాడు.
వాడి చేతులెప్పుడూ చల్లగా ఉంటాయట, అందరూ అనేవాళ్ళు.
ఆ చల్లదనం మోకాలి కింద తెలిసిన రోజు
ఏడుస్తూ వాణ్ణి బూతులు తిట్టాను.

అరికాళ్ళు ఇంకా మొద్దే.
రాత్రి అద్దం పెట్టి చూసుకుంటాను పుండేమైనా లేచిందా అని,
పక్కింటి పిల్లల్ని ఒప్పుకుని కాపలా కాసినట్టు.
నీళ్ళు వేడో కాదో మోచేతిని అడుగుతాను.
నాలుగు గంటలకోసారి గొట్టం. దానికి సిగ్గు పోయింది.

కమ్మీల మధ్య నిలబెడితే మాత్రం నోరు ఊరుకోదు:
"మార్కెట్, మార్కెట్! వంతెన! స్మశానం గేటు!
దిగేవాళ్ళు ముందుకి రావాలి!"
అడుగుకో స్టాపు.
చక్రాల కుర్చీలోంచి ముసలి ఎర్మెలిందా చెయ్యెత్తి
"స్మశానం దగ్గర ఆపకే పిల్లా" అంటుంది.
ఆపను.

నాలుగో మెట్టు చేయించమని నిన్న విల్దెర్‌ని అడిగాను.
వడ్రంగికి చీటీ రాయాలట, సంతకాలు కావాలట.
ఇవాళ మూడోదాని మీద, గోడ ముందు,
మెట్టు లేని చోటుకి
ఎడమ కాలెత్తి చూశాను.
వణికింది.
గాల్లో కాసేపు ఉంది.
"చోటుంది, చోటుంది, ఎక్కండి"
అన్నాను గోడతో.