ముప్పై ఒక్క నల్లగీతలు

ఇల్లు కొన్నప్పుడు గరాజ్‌లో ఏమీ లేదు,
ఒక గోడ తప్ప.
ఆ గోడకు కొట్టిన ప్లైవుడ్ మీద
నల్లరంగుతో గీసిన పనిముట్ల చుట్టుగీతలు:
సుత్తి ఉండాల్సిన చోట సుత్తంత ఖాళీ,
రంపం ఉండాల్సిన చోట పళ్ళతో సహా ఖాళీ.
లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

విల్బర్ట్ హ్రిట్సాయ్ పోయాక
ఒక్క శనివారం పొద్దున్నే
వాళ్ళవాళ్ళు అన్నీ అమ్మేశారట.
బల్లకు బిగించిన వైస్ ఒక్కటే మిగిలింది,
అది ఎవరు లాగినా ఊడి రాలేదు.

థండర్ బేలో నవంబరంటే
ఇనుము చెయ్యి కరిచే నెల.
ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు తోలాను,
బస్సు కింద దూరింది మాత్రం ఎప్పుడూ ఇంకెవరో.
రిటైరైన మర్నాడు కారును బయట మంచులోకి నెట్టి
లోపల దీపం వేశాను.
"కారేమో వణుకుతోంది, సుత్తులేమో చలి కాచుకుంటున్నాయి" అని
ఎదురింటి ఐనో లహ్టినెన్ రోజూ నవ్వేవాడు.
నవ్వుతూనే ఒకరోజు ఉలి తెచ్చిచ్చాడు.
ఏడో గీతలో ఇమిడింది,
పిడి మాత్రం ఒక వేలెడు బయటికి.

చర్చి సంతలో రెండు డాలర్లకు సుత్తి.
రెజాన్ కొట్లో అరువు మీద రెంచీలు.
చిత్రిక పట్టే బాడిస కోసం
రెండొందల కిలోమీటర్లు వెళ్ళి, తుప్పుతో తిరిగొచ్చాను.
వెనిగర్‌లో రెండు రాత్రులు నానితే
తుప్పు కింద ఎవరిదో పొడి అక్షరం బయటపడింది,
విల్బర్ట్‌ది కాదు.

హీటరూ కోతమిషనూ ఒకేసారి వేస్తే
ఫ్యూజు పోయేది.
చీకట్లో బ్లేడు ఇంకా తిరుగుతున్న చప్పుడు.
చేతులు ఒంటికి అదుముకుని, కదలకుండా నిలబడి
ఆగేదాకా లెక్కపెట్టేదాన్ని:
పదకొండు.

జోసెట్ వచ్చి వేరే లైను లాగింది.
డబ్బు వద్దంది, తన పడవకు తెడ్డు చేసిపెట్టమంది.
తెడ్డు చెయ్యడం నాకు రాదని
మా ఇద్దరికీ తెలుసు.

ఫిబ్రవరిలో ఒక బర్చి చెక్క
బ్లేడుకు ఎదురు తిరిగి
నా నడుం పక్కనుంచి దూసుకెళ్ళి
తలుపు రేకుకు సొట్ట పెట్టింది.
సాయంత్రం దాకా స్టూలు మీదే కూర్చున్నాను.
సొట్ట సరిచెయ్యలేదు.
ఇప్పటికీ మీట నొక్కే ముందు
ఒకసారి దానివైపు చూస్తాను,
బస్సు కదిలించే ముందు
అద్దంలో పిల్లల్ని లెక్కపెట్టినట్టు.

చేసినవి చెప్పుకోవాలంటే:
జూలైలో ఉబ్బిపోయి, మళ్ళీ మంచు పడ్డాకే తెరుచుకునే సొరుగు.
అందులో స్క్రూలు పెట్టాను, తెలివి తక్కువతనం.
పొయ్యిలోకి వెళ్ళిన తెడ్లు మూడు.
నాలుగోది నీళ్ళలోకి వెళ్ళింది.
పడవ కొంచెం ఎడమకు లాగుతోందట.
లాగనీ.

ఇప్పటికి ముప్పై గీతలు నిండాయి.
ఇరవై మూడోది మిగిలింది:
బాతు మెడలా వంగి, కొసన రెండుగా చీలి,
నడుమ ఎందుకో ఒక ఉబ్బు.
మంచుగడ్డలు లాగేదన్నాడు ఐనో.
పొగగొట్టం మూత తీసేదన్నాడు రెజాన్.
తాగి గీసుంటాడంది జోసెట్.
ఆ ఆకారంలో అట్టముక్క కత్తిరించి
నాలుగు కొట్లు తిరిగాను.
చివరి కొట్లో కుర్రాడు అట్టను తిరగేసి చూసి,
చాలా మర్యాదగా నా చేతికిచ్చాడు.

మొన్న బల్ల వెనక సందులో పడిన స్క్రూల కోసం
పాత కర్టెన్ కడ్డీ వంచి,
పాడైన స్పీకరులోని అయస్కాంతం ఒక కొసకు కట్టి,
ఇంకో కొసకు, తెడ్డు కాలేకపోయిన చెక్కతో
పిడి తొడిగాను.
పనిచేసింది. ఏడు స్క్రూలు,
వాటితో పాటు
నాది కాని ఒక పెన్సిలు ముక్కా వచ్చాయి.

తగిలిద్దామంటే దానికి గీత లేదు.
వరండా కుర్చీకి వేసి మిగిలిన ఆకుపచ్చ రంగుంటే
దాన్ని గోడకు ఆనించి చుట్టూ గీశాను.
ఒకచోట కారింది, తుడవలేదు.

ఐనో వచ్చి కొక్కెం మీంచి తీసి,
వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు.
"దేనికిది?"

"విల్బర్ట్‌ని అడుగు" అన్నాను.