పలకలవాళ్ల పిల్ల

కనిగిరి ఆసుపత్రిలో మందుల కిటికీ దాటాక
ఎడమవైపు చివరి గది నాది.
తలుపు మీద ఎర్ర బల్బు. వెలిగితే లోపలికి రావద్దని రాసుంది.
అది వెలిగినప్పుడే అందరికీ నాతో పని గుర్తొస్తుంది.

"గాలి పీల్చు పెద్దాయనా. ఆపు. కదలొద్దు."
సీసపు అద్దం ఇవతల
ఆయనతో పాటు నేనూ ఆపుతాను,
పందొమ్మిదేళ్ల అలవాటు.
"వదులు" అన్నాకే నాకూ ఊపిరి.

మా నాన్న మార్కాపురంలో పలకలు కోసేవాడు.
రంపం కింద రాయి, రాయి మీద పొడి,
పొడి మీద నాన్న.
సాయంత్రం తల విదిలిస్తే
గడప మీద బూడిదరంగు ముగ్గు.
మా వీధిలో నేనిప్పటికీ పలకలవాళ్ల పిల్లనే.
నాకు ఒంగోలులో సీటొచ్చిన ఏడు
ఆయన దగ్గుకి ఛాతీ ఫిల్ము తీయించాను.
తడి ఆరకుండానే లైటుకి పెట్టి చూస్తే
నల్లపలక.
దాని మీద ఎవరో బలపంతో
చుక్కలు చుక్కలుగా పొడిచినట్టు.
"ఏం రాసుందమ్మా?" అన్నాడు,
ఊళ్లో పిల్లలందరికీ పలకలిచ్చి
తాను అక్షరం దిద్దని మనిషి.
నాకు చదవడం వచ్చు. చదవలేదు.
"డాక్టరు చెప్తాడు నాన్నా."
మాకు నేర్పిన మొదటి నియమం అదే.

ఇక్కడి నీళ్లు ఎముకలకి సున్నం కొడతాయి.
పామూరు రోడ్డు పల్లెల నుంచి
నడుం వంగినవాళ్లు వస్తారు,
బల్ల మీద వెల్లకిలా పడుకోలేరు.
తలగడలు పేర్చి, ఇసక సంచులు ఆనించి
ఎట్టా ఉన్నోళ్లను అట్టాగే తీస్తాను.
మామూలు నడుముకి చాలే కిరణం
వీళ్ల నడుములో ఆగిపోతుంది.
ఎంత పెంచాలో పుస్తకంలో లేదు, చేతికి తెలుసు.
కొత్త డాక్టరు విసుక్కున్నాడు:
"మరీ తెల్లగా వచ్చిందేంటమ్మా, సరిగ్గా తీయలేదా?"
"మనిషే తెల్లగా ఉన్నాడు సార్."

సొరుగులో ఒక తాడు ఉండ, నాలుగు పసుపు కొమ్ములు.
ఛాతీ పరీక్షకి తాళి తీయాలంటే
మస్తానమ్మ తలుపు వైపు చూసింది,
మొగుడి కోసం కాదు, అత్త కోసం.
కొమ్ము కట్టి మెళ్లో వేశాకే
పుస్తెలు నా అరచేతిలో పెట్టింది.
వెచ్చగా ఉన్నాయి.
అవి పట్టుకునే బటన్ నొక్కాను.

ఈ నెలతో నా రిజిస్ట్రేషన్ ముగుస్తుంది.
బోర్డుకి ఫారం, ఫోటోలు రెండు, చలానా,
మార్కుల జిరాక్సు మీద గెజిటెడ్ సంతకం.
క్లర్కు చెన్నకేశవులు నవ్వుతాడు:
"బటన్ నొక్కడానికి ఇంత కాగితమెందుకు మేడం?
బస్టాండు పక్క ల్యాబులో కుర్రోడు
ఆర్నెల్లలో నేర్చుకోలా?"
ఆ కుర్రోడు సుభాని. మంచివాడే.
వేళ్లు నాకంటే చురుకు.
నేను వాదించలేదు.

పోయిన వారం ఒకమ్మాయి వచ్చింది
నలిగిన కవరుతో, ఆ ల్యాబులో తీసిన నడుం ఫిల్ముతో.
కుడి ఏదో ఎడమ ఏదో గుర్తు లేదు. పేరు లేదు.
మళ్లీ తీయమని చీటీ.
బల్ల తుడుస్తూ అలవాటుగా అడిగాను,
"నెల ఎప్పుడొచ్చిందమ్మా?"
వేళ్ల మీద లెక్కపెట్టింది.
మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.
"అక్కడ ఇది అడగలేదక్కా" అంది.
యంత్రం సన్నగా గుర్రుమంటూ సిద్ధంగా ఉంది.
నేను మీట దించేసి
ఆమెని కాన్పుల వార్డు దాకా నడిపించాను.
ఏమవుతుందంది దారిలో.
ఒక్క ఫిల్ముతో చాలావరకు ఏమీ కాదు.
అదైనా నేను చెప్పకూడదు.
"డాక్టరమ్మ చెప్తుంది" అన్నాను,
చెయ్యి మాత్రం వదల్లేదు.

ఫారంలో "చేయు పని" అని ఒక గడి,
బొటనవేలు పట్టేంత.
"ఎక్స్‌రే తీయుట" అని రాశాక
అడుగుట అని కూడా రాయబోయాను. చోటు లేదు.

మూడు నెలలకోసారి నా జేబు మీది బ్యాడ్జీ
పార్సిల్లో పోతుంది.
నాలోకి ఎంత దూరిందో కొలిచి
ఒక అంకె పంపుతారు. ఇప్పటిదాకా చిన్న అంకే.
పలకల పొడికి అట్టాంటి బిళ్ల
నాన్న చొక్కాకి ఎవరూ తగిలించలేదు.

చలానాకి రేపే ఆఖరు.
బయట ఎవరో దగ్గుతున్నారు.
"లోపలికి రా పెద్దాయనా. చొక్కా తీసి
ఇక్కడ, ఈ పలకకి ఛాతీ ఆనించు."