పౌండుకి నాలుగు

గ్రిమ్స్‌బీలో ఆదివారం సంత.
కారు డిక్కీలో బూట్ల అట్టపెట్టె,
నిండా ఎవరికీ అక్కర్లేని మనుషులు.
పౌండుకి నాలుగు.

తుంపర పడకుండా ఒంగి ఏరుతున్నాను.
ఒకే ఆవిడ మళ్ళీ మళ్ళీ తగులుతోంది,
సముద్రం ఒడ్డున, ట్రామ్ మెట్టు మీద,
గాలికి టోపీ అదిమిపట్టి
ఒక కన్ను చికిలించి.
ఒకదాని వెనక పెన్సిల్‌తో: "ఎడ్నా కాదు, రెండోది."

ఎవరికి రెండోది?
చెల్లెలా, కూతురా, ఇంకేమన్నానా?

నాలుగోది తీశాక గాని చూడలేదు:
ప్రతి ఫోటోలోనూ ఆవిడ కాళ్ళ వైపు
పొడుగ్గా ఒక నీడ.
వెడల్పు అంచు టోపీ, కెమెరా ఎత్తిన మోచేతులు.
వేసవి వేసవికీ
ఓ జానెడు దగ్గరగా.

ముఖం మాత్రం ఎక్కడా లేదు.
వేళ్ళు నల్లబడేదాకా వెతికాను.
అట్టడుగున ఒకటి, వంకరగా తీసింది:
ఖాళీ మడతకుర్చీ,
దాని మీద ఆ వెడల్పు టోపీ.
ఈసారి ఇసుకలో నీడ
ఒక చేత్తో
తన టోపీ అదిమిపట్టుకుని ఉంది.

"ఐదయ్యాయి" అన్నాడు అమ్మేవాడు,
ఫ్లాస్కు మూత బిగిస్తూ.
ఇంకో పౌండిచ్చాను.
మిగతా మూడూ ఏరుకోమన్నాడు.
వద్దన్నాను.