ఉప్పు అంచు

ఇరవై నాలుగు మార్గరీటా కప్‌కేకులు,
శనివారం సాయంత్రం ఆరుకల్లా కోకాపేటకు.
ఆర్డరిచ్చిన అమ్మాయి పేరు హిమజ, గొంతులో తొందర.
"రుచి అచ్చం అలాగే ఉండాలక్కా."
ఉంటుందమ్మా అన్నాను.
మార్గరీటా నేనెప్పుడూ తాగలేదు.

ముషీరాబాదులో కల్లు కాంపౌండు గోడకు ఆనుకొని పెరిగినదాన్ని.
నా రిబ్బన్లు కూడా పులిసిన వాసనేస్తాయని
బడిలో వెనక బెంచీవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు.
అలాంటిదాన్ని,
క్రాస్‌రోడ్డు దగ్గర వైన్ షాపు జాలీ ముందు
చున్నీ తలమీదికి లాక్కొని నిలబడ్డాను.
"టెకీలా. అన్నిటికంటే చిన్న సీసా."
కౌంటరు పిల్లాడు నన్నోసారి, నా కూరల సంచినోసారి చూశాడు.
"కేకులోకి" అన్నాను, వాడడక్కుండానే.

నిమ్మకాయలు మోండా మార్కెట్లో, తెల్లారకముందే.
పండినవి వద్దని పచ్చివే ఏరాను.
పైతోలు మాత్రమే గీరాలి,
కింది తెలుపు తగిలిందా, చేదు.
చక్కెరలో ఆ తోలు నలిపితే
వంటిల్లంతా పచ్చటి వాసన.
వెన్న, గుడ్డు, మళ్లీ గుడ్డు, జల్లించిన మైదా.
మొదటి వాయ నడిమధ్యలో కుంగింది,
పన్నెండు చిన్న గుంటలు.
ఓవెన్ తలుపు తొందరపడి తెరిచింది నేనే,
తిట్టింది మాత్రం కరెంటోళ్లను.

అమ్మ మంచం దిగి వచ్చింది.
బాలనర్సమ్మ. ముప్పై ఏళ్లు గల్లాపెట్టె ముందు కూచున్న మనిషి.
ఎవరికి ఎన్నో సీసాకు ఏడుపొస్తుందో
ఎవరికి ఎన్నో సీసాకు పాటొస్తుందో తెలిసిన మనిషి.
కుంగిన కేకొకటి తుంచి నోట్లో వేసుకుంది,
నాలుక అంగిలికి ఆనించి, కళ్లు మూసి.
"పులుపున్నది. తీపున్నది. సరుకు గూడ తెలుస్తున్నది.
ఉప్పేదే?"

గుడాలు గుర్తొచ్చాయి.
ఉడికిన శనగల మీద ఉల్లిగడ్డ, నిమ్మరసం,
ఆకుదొన్నెలో చిటికెడు ఉప్పు.
ఉప్పు లేంది రెండో సీసా దిగదని అమ్మే అనేది.
ఫోన్లో ఆ గ్లాసు బొమ్మ చూపించాను,
అంచు చుట్టూ తెల్లగా, గరుగ్గా.
"జూడు," అన్నది, "వాళ్లకూ ఎరుకనే."

తర్వాత సీసా తిప్పి తిప్పి చూసింది.
చదువు రాదు. చీటీ మీది బొమ్మ దగ్గర ఆగింది.
"ఇది కిత్తనార గదనే!
రైలు పట్టాల పొంటి ఉండేది.
మీ నాయిన దీని నారతోనే మోకు పేనేటోడు."
దాని చెల్లెలు కావచ్చమ్మా అన్నాను.
"దీన్ని గీస్తరా? ఎక్కి?"
ఎక్కరట. గడ్డ నేల మీదే ఉంటుందట,
నరికి, కాల్చి, పిండుతారట.
"అయితే పైనుంచి పడేటోడుండడు."

నేను మిక్సీ ఆపాను,
అప్పటికే ఆగి ఉన్న మిక్సీని.

"మంచిగైంది," అన్నది కాసేపటికి,
ఎవరికి మంచిగైందో చెప్పకుండా.

రెండో వాయ పొంగింది.
క్రీము తిప్పడం నా పని, ఉప్పు అమ్మ పని.
చెంచా ముట్టలేదు, మూడు వేళ్లు చాలన్నది,
ఎత్తు నుంచి చల్లింది, ఒక్కో అంచు చుట్టూ.
ఐదింటికి ఫైజాన్ బండి వేసుకొచ్చాడు.
ఫ్లైఓవర్ మీద మెల్లగా పో భాయ్, క్రీము కదలొద్దు.
"మందు కేకులా అక్కా?"
తలా అరచెంచా.
డబ్బా చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు,
మెట్లు దిగుతూ మాత్రం
ఒకసారి వాసన చూశాడు.

రాత్రి, గిన్నెలు తోమి వచ్చేసరికి
అమ్మ ముందు సీసా, సీసా మూతలో నాలుగు చుక్కలు.
కుంగిన కేకులు రెండు, పక్కన ఉప్పు డబ్బా.
తాగలేదింకా.
వేలు ముంచి నేల మీదికి విదిలించింది,
ఒకటి, రెండు, మూడు.
తాగినాక ముఖం చిట్లించి,
"గొంతు కోస్తున్నది. కల్లు గాదు ఇది."

మూత నా చేతిలో పెట్టి,
"గట్టిగ బిగియ్యి," అన్నది,
"మల్లెప్పుడన్న ఆర్డరొస్తది."