చిటికెన వేలు

బళ్ళో చిటికెన వేలు చూపిస్తే
అయివోరు తలూపేవాడు.
ఇప్పుడా వేలి మీద
మామిడి సొన కాల్చిన మచ్చ.

చిత్తూరు బయట గుజ్జు ఫ్యాక్టరీ,
తోతాపురి సీజను, రాత్రి షిఫ్టు.
బెల్టు మీద కాయలు వస్తానే ఉంటాయి,
దొరస్వామి గడియారం చూస్తానే ఉంటాడు.
లెట్రిన్ ఆ చివర గోడకాడ.
తలుపుకు గొళ్ళెం లేదు.
పోయి రావడానికి పన్నెండు నిమిషాలు,
పన్నెండూ కూలిలో కోత.
అందుకే నీళ్ళు మానేసినాం
నేనూ, మొగిలమ్మా, ఇంకో ఆరుమందీ.
టన్నుల కొద్దీ రసం పారే చోట
నాలిక తడవకుండా తెల్లార్చడం
ఎవురూ నేర్పని విద్య.

జూన్ రెండో వారంలో పట్టుకుంది.
ఘడియకొకసారి పోవాలనిపిస్తుంది,
పోతే నాలుగు చుక్కలు,
పచ్చిమిరక్కాయ నూరిన చేత్తో
కన్ను తుడుచుకున్నట్టు.

"వేడి చేసిందిలే మే" అనింది మా అత్త.
ధనియాల నీళ్ళు, బార్లీ గంజి,
సబ్జా గింజలేసిన నన్నారి,
బొడ్డులో ఆముదం.
అన్నీ చల్లగానే ఉన్నాయి, మంట తప్ప.
నడుము పక్కన పోటు లేచి
దుప్పట్లో పండ్లు టకటకా కొట్టుకున్న రాత్రి
మా ఆయన బండెక్కించి పెద్దాసుపత్రికి తీసకపోయినాడు.

డాక్టరమ్మ వేడి అనలేదు.
మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బీ ఇచ్చి
"మొదటి ధార వదిలేసి నడిమిది పట్టమ్మా" అనింది.
తెచ్చిస్తే నర్సు రెండు చేతులతో అందుకొని
నా పేరు రాసి అంటించింది.
సిగ్గుతో గోడకల్లా తిరిగినా.
"ఎన్ని గంటలు ఆపుకుంటావు?"
ఎనిమిది అన్నా.
రాసే పెన్ను ఆగిపోయింది.

సూదులు, తర్వాత మాత్రలు.
"తగ్గిందని నడమ మానేస్తే
మళ్ళీ వస్తాది, ఈసారి మందుకు లొంగదు."
మూడో నాటికే తగ్గింది.
అట్ట ఇంకా సగం నిండుగా ఉంది.
"నాలుగు నాకియ్యి మే, నాకూ అదే మంట"
గుసగుసగా అడిగింది మొగిలమ్మ.
ఇయ్యలేదు.
రెండు రోజులు మాట్లాడలేదు నాతో.
మూడో రోజు చెయ్యి పట్టుకొని
చీటీ రాసే కిటికీకాడ నిలబెట్టినా.

మళ్ళీ షిఫ్టు.
లీటరు సీసా బెల్టు పక్కనే పెట్టినా.
"ఏందది?" అన్నాడు దొరస్వామి.
"మందు."

పదిన్నరకు వేలు ఎత్తలేదు.
అంతమంది మగోళ్ళ నడమ నోరు తెరిచి
"ఒంటేలుకు పోతాండా" అన్నా.
కొన్ని కాయలు కోయకుండానే
ముందుకెళ్ళిపోయినాయి.

బయట మొగిలమ్మ
గొళ్ళెం లేని తలుపు పట్టుకొని
నిలబడింది.