కుందేలు దొర పెట్టె

తిరుమలగిరి గోరీల దొడ్డిలో మూడో వరుస,
సీతాఫలం చెట్టు కింద
ఫెర్గస్ క్విన్లన్, ఐర్లాండ్.
సిపాయిగా వచ్చి ఇంజనీరుగా పోయినవాడు.
రాతి మీద చెక్కిన శిలువ పతకం, దాని కింద
ఏదో కోట పేరు. సగం నాచు.
ఆ కోట తలుపుకు మందుసంచి కట్టి వత్తి అంటించాడట.
ఎడమ చెయ్యి అక్కడే వదిలాడు.
చెయ్యి సంగతి రాయి మీద లేదు.

మిగతాది మా ఇంట్లో ఉంది.

క్విన్లన్ అనడానికి నోరు తిరగక
మా వడ్డెరోళ్ళు కుందేలు దొర అన్నారు.
పళ్ళు కూడా కొంచెం అట్లనే ఉండేవని
మా నాయనమ్మకు వాళ్ళ నాయనమ్మ చెప్పిన మాట.

ధాత కరువు.
బొల్లారం రోడ్డు మీద కంకర కొట్టే పని.
పెట్టె నిండితే సోలెడు జొన్నలు,
గుప్పెడు వెలితి ఉన్నా, రేపు రా.
పెట్టె కొలత మద్రాసు నుంచి వచ్చింది,
అంగుళాలతో, ముద్రతో.

దొర మూడు రోజులు చూశాడు,
తట్ట ఎత్తబోయి అట్లనే కూర్చుండిపోయిన ఆడమనిషిని,
సుత్తె కామ కన్నా సన్నబడ్డ చేతుల్ని.
నాలుగో రాత్రి మా ఓర్సు ముత్తిలింగం తాతను
డేరాలోకి పిలిచి రంపం అడిగాడు.
వచ్చీరాని మాటల్లో అన్నాడట:
"ఆలుగడ్డ కుళ్ళింది. నేను చిన్న.
మా అమ్మ కూడా రాయి కొట్టింది, రోడ్డు వేసింది.
ఆ రోడ్డు ఎక్కడికీ పోదు."

తాత మోకాలితో పెట్టెను తొక్కిపట్టాడు,
దొర ఒంటిచేత్తో కోశాడు.
నాలుగు వేళ్ళ మందం.
ముద్ర ఉన్న చెక్కను ఊడదీసి
కిందికి దించి మళ్ళీ మేకులు కొట్టారు.
రంపపు పొట్టు పొయ్యిలోకి పోయింది.

తెల్లారి పొద్దుగూకకముందే
పెట్టెలు నిండాయి.
ఎవరూ ఏమీ అడగలేదు.

కాగితం మీద రోడ్డు పూర్తయింది.
నేల మీద లోతుకుంట దగ్గర పలచబడింది.
తనిఖీకి వచ్చినాయన నిలదీస్తే
"లెక్కలో ఒక చెయ్యి తక్కువ" అన్నాడట,
ఖాళీ చొక్కా చెయ్యి ఊపి.
పెన్షన్ కోశారు.
పతకం జోలికి పోలేదు.

నేనిప్పుడు కంటోన్మెంటులో వర్క్ ఇన్‌స్పెక్టర్ని.
కొలతల పుస్తకం రాయడం నా కొలువు.
ప్రతి వానకూ లోతుకుంట దగ్గర అదే చోట గుంత,
బండ్లమీద పోయేవాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటూ పోతారు.
కంకర పోయిస్తాను.
మళ్ళీ దిగుతుంది.

పెట్టెలో మా ఆవిడ ఉల్లిగడ్డలు పోస్తుంది.
నిన్న వాటిని నేల మీద కుమ్మరించి
టేపు పెట్టి కొలిచాను.

రాసుకోలేదు.